కయాక్, తెప్ప, తాటిదోనె: నీళ్ళ మీద బతికిన మన చరిత్ర

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది. తీరిక చేసుకుని చదవండి.

మన గ్రూపులో చరిత్ర అంటే ఎక్కువగా కొండల చరిత్రే వస్తుంది. రంప, గూడెం, జోడేఘాట్, ఇంద్రవెల్లి. అవి రావాల్సిందే, ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. కానీ కృష్ణా జిల్లా నుంచి, దివిసీమ నుంచి ఉన్న మాలాంటి వాళ్ళకు ఒక చిన్న వెలితి. మమ్మల్ని కూడా ‘గిరిజనులు’ అంటారు. గిరి ఎక్కడుంది? బందరులో మేడ ఎక్కి చూసినా కొండ కనబడదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క కృష్ణా పాయలు, మధ్యలో మడ అడవి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 5 లక్షలకు పైనే. వాళ్ళలో చాలామంది నెల్లూరు, ప్రకాశం, గుంటూరు, కృష్ణా తీరాల్లో ఉప్పునీళ్ళ పక్కన బతికినవాళ్ళే. అందుకని ఈసారి నీళ్ళ చరిత్ర రాస్తున్నాం.

దీనికి కారణం కూడా ఉంది. 2025 జూన్‌లో మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్ జరిగింది. కబడ్డీతో పాటు కయాకింగ్ పోటీలు కూడా పెట్టారు. మరబోట్లకు వేట నిషేధం ఉన్న రోజులవి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లు ఒడ్డునే ఉంటాయి కదా. గిలకలదిండి హార్బరులో బోట్లన్నీ కట్టేసి ఉంటే, ఇక్కడ రంగురంగుల కయాక్‌లు నీళ్ళ మీద తిరిగాయి. ఆ ఫొటోలు చూసి మనవాళ్ళలో చాలామంది అనుకున్నది ఒకటే: ‘ఇది డబ్బున్నోళ్ళ ఆట, ఫారిన్ ఆట, మనకెందుకులే.’

ఫారిన్ అన్నది నిజమే. డబ్బున్నోళ్ళది అన్నదే నిజం కాదు. కయాక్ పుట్టింది ఆదివాసీల చేతుల్లో. అది ఆటగా కూడా పుట్టలేదు, ఆకలి తీర్చుకోవడానికి పుట్టింది. ఆ కథ తెలిస్తే మన తెప్ప కథ, తాటిదోనె కథ ఇంకో రకంగా కనబడతాయి.

భూమి ఉత్తరం కొసన గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాల్లో ఇనూయిట్, యూపిక్, అలూట్ జాతులు ఉన్నాయి. అక్కడ చెట్టు మొలవదు. సముద్రంలో ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన కలపే కలప. అది దొరక్కపోతే తిమింగలం ఎముక. దానితో సన్నని చట్రం కట్టి, సీల్ తోలు కుట్టి, పైన ఒక మనిషి నడుము పట్టేంత రంధ్రం వదిలితే అదే కయాక్. గ్రీన్‌లాండ్ భాషలో ‘ఖజక్’. ఎవరి కయాక్ వాళ్ళ ఒంటి కొలతతోనే కట్టుకోవాలి. బారకు ఇంత పొడుగు, నడుముకు ఇంత వెడల్పు అని. చొక్కా కుట్టించుకున్నట్టే. ఒకరిది ఇంకొకరికి సరిపోదు. ఇనూయిట్లలో వేటగాడి కోసం ఆ తోలు నానబెట్టి కుట్టేది ఇంట్లో ఆడవాళ్ళు. నీళ్ళు చొరకుండా కుట్టు వేయడం పెద్ద పనితనం. ఆ కుట్టు వదిలితే మగాడి ప్రాణం పోయినట్టే. కయాక్ గురించి రాసే పుస్తకాల్లో వేటగాడి బొమ్మే ఉంటుంది, కుట్టిన ఆమె బొమ్మ ఎక్కడో గాని ఉండదు.

ఇక్కడ చలి సంగతి అర్థం చేసుకోవాలి. మన బంగాళాఖాతం నీళ్ళు 28 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. పడవ తిరగబడితే భయం మునిగిపోవడం గురించే, చలి గురించి కాదు. అక్కడ నీళ్ళు మంచుకు కాస్త ఎగువన ఉంటాయి. అలాంటి నీళ్ళలో పడ్డ మనిషికి మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పి నీళ్ళు మింగేస్తాడు. దాన్ని తట్టుకుంటే, సుమారు పది నిమిషాల్లో వేళ్ళు కొయ్యబారిపోతాయి, తాడు పట్టుకోలేడు. గంట గడిచేసరికి ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పుతుంది. గజ ఈతగాడైనా అంతే. అందుకే వాళ్ళు నీళ్ళలో దిగకుండా ఉండే విద్య కనిపెట్టారు. ‘తుయిలిక్’ అనే తోలు అంగీని మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగించి, కింది అంచును కయాక్ రంధ్రం చుట్టూ కట్టేస్తారు. మనిషీ పడవా ఒకే తోలులో ఉంటారు. కెరటం వచ్చి తిరగేస్తే తల కిందులుగా ఉండగానే తెడ్డు ఒక విసురు విసిరి, నడుము తిప్పి మళ్ళీ పైకి లేస్తాడు. బయటికి రాడు. రాకూడదు.

ఇలా పైకి లేచే పద్ధతులు ఒకటి రెండు కాదు, 30కి పైగా ఉన్నాయి. చెయ్యి ఈటె తాడులో చిక్కుకుంటే ఒక పద్ధతి, తెడ్డు విరిగితే ఒకటి, తెడ్డు పోయి చేతిలో ఈటె విసిరే కర్ర ఒక్కటే మిగిలితే ఒకటి, ఏదీ లేక ఉత్త చేతులే మిగిలితే ఇంకొకటి. ప్రతి పద్ధతి వెనకా వేటలో వచ్చే ఒక ఆపద ఉంది. ఈ రోజు ప్రపంచంలో చాలా కయాకింగ్ స్కూళ్ళలో నేర్పే పాఠం ఇదే. దాన్ని ‘ఎస్కిమో రోల్’ అనేవాళ్ళు. ‘ఎస్కిమో’ అనేది వాళ్ళకు బయటోళ్ళు పెట్టిన పేరు, వాళ్ళలో చాలామందికి నచ్చని పేరు. పేరు విషయంలో మన అనుభవం కూడా అదే కాబట్టి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక తేదీ చెబుతాం, గుర్తుపెట్టుకోండి. 1605. ఆ ఏడు డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ పంపిన ఓడలు గ్రీన్‌లాండ్ వెళ్ళి, కొందరు ఇనూయిట్ మగవాళ్ళను పట్టుకుని కయాక్‌లతో సహా కోపెన్‌హాగెన్ తెచ్చాయి. అక్కడి రాజుగారి కొలువు ముందు వాళ్ళు కయాక్ నడిపి చూపించవలసి వచ్చింది. వినోదం కోసం. తర్వాత వాళ్ళలో కొందరు అదే కయాక్ ఎక్కి సముద్రం మీదుగా ఇంటికి పోదామని చూశారు. పోగలిగే దూరం కాదు. ఐరోపావాళ్ళకు కయాక్ మొదట కళ్ళబడింది ఇలాంటి బందీల చేతుల్లోనే.

అదే 1605లో డచ్చివాళ్ళ ఓడ మన బందరుకు వచ్చింది. తర్వాత 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగారు. వాళ్ళు వచ్చింది అద్దకం బట్టల కోసం. కానీ దిగాలంటే దారి లేదు. బందరు సముద్రం మెరక. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, మైళ్ళ దూరంలో లంగరు వేసుకోవాలి. అక్కడి నుంచి సరుకూ మనుషులూ రావాలంటే ఇక్కడివాళ్ళ పడవే దిక్కు. ఇంగ్లండులో కట్టిన మేకుల పడవ మన కెరటాల్లో పెట్టి ఒడ్డుకు తెస్తే, నేలకు తగిలి పగిలిపోయేది.

కోరమాండల్ తీరమంతా దీనికి వాడిన పడవను ఇంగ్లీషువాళ్ళు ‘మసూలా బోటు’ అన్నారు. ఆ పేరు మసులీపట్నం నుంచే వచ్చిందని చాలామంది అంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు, పండితులకు వదిలేద్దాం. పడవ మాత్రం గొప్పది. దానికి ఒక్క మేకు ఉండదు. పలకలకు చిల్లులు పెట్టి, మధ్యలో పీచో గడ్డో కూరి, కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. లోపల పక్కటెముకల్లాంటి చట్రం కూడా ఉండదు. 30 అడుగుల పైచిలుకు పొడుగు, ఎత్తైన గోడలు. కెరటం కొడితే పడవ మొత్తం బుట్టలాగా వంగి, మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. కెరటం వెనకాలే ఉండి, అది విరిగే సమయం చూసి, పాట ఎత్తుకుని ఒక్కసారిగా తెడ్లు వేస్తే ఆ కెరటమే పడవను ఒడ్డు మీదికి విసిరేస్తుంది. ఈ రోజు కయాక్ సర్ఫింగ్ అంటున్నది ఈ లెక్కే. విరిగే కెరటం ముందు ఎక్కడ ఉండాలి, ఎప్పుడు తెడ్డు వేయాలి, ఎప్పుడు ఆపాలి. తేడా వస్తే పడవ అడ్డం తిరిగి బోల్తా.

మద్రాసులో ఈ మసూలా పడవల వెంట తెప్పలు నడిచేవి. బోల్తా కొట్టినప్పుడు దొరలనూ దొరసానులనూ పట్టుకొచ్చేది తెప్పలవాళ్ళే. అలా కాపాడినందుకు ప్రభుత్వం మెడల్స్ కూడా ఇచ్చింది. మద్రాసుకు 1870లలో హార్బరు కట్టడం మొదలయ్యాక ఆ పడవల అవసరం మెల్లగా తగ్గింది. పడవవాళ్ళను ఎవరూ పెద్దగా తలుచుకోలేదు.

తెప్ప గురించి వేరే చెప్పాలి. నాలుగైదు తేలిక దుంగలను పక్కపక్కన చేర్చి బిగిస్తే తెప్ప. మనిషి మోకాళ్ళ మీద కూచుని తెడ్డు వేస్తాడు. నీళ్ళు కింది నుంచి వస్తాయి, పై నుంచి వస్తాయి, పోతాయి. మునగడానికి అందులో ఖాళీ ఎక్కడుంది? తిరగబడితే మళ్ళీ ఎక్కి కూచోవడమే. ఇంగ్లీషు యాత్రికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చేసిన పుస్తకంలో ఈ తీరం తెప్పల గురించి రాశాడు. అరవ మాట కట్టుమరం నుంచి ఇంగ్లీషులో ‘కాటమరాన్’ వచ్చింది. 1876లో అమెరికాలో హెరెషాఫ్ అనే ఆయన రెండు డొప్పల తెరచాప పడవ కట్టి పందెంలో గెలిచాడు. అలాంటి పడవలకు ఆ పేరే అంటుకుంది. ఇవాళ కోట్లు పోసి కొనే లగ్జరీ కాటమరాన్ పేరు మన తూర్పు తీరం జాలరి దుంగలది.

ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. కయాక్ నీటిని లోపలికి రానివ్వదు. తెప్ప నీటిని రానిచ్చి పోనిస్తుంది. మసూలా పడవ నీటి దెబ్బకు వంగి తప్పించుకుంటుంది. కష్టం ఒకటే, విరిగే కెరటం. జవాబులు మూడు. చలిదేశంలో తెప్ప ఎక్కితే తడిసి చస్తారు, మన ఎండలో సీల్ తోలు పడవ పెడితే నాలుగు నెలల్లో కుళ్ళి కంపు కొడుతుంది. ఎవరి నీళ్ళకు తగ్గ బుద్ధి వాళ్ళది. ‘వెనకబడినవాళ్ళు’ అనే మాట ఈ లెక్కలో ఎక్కడ ఇమిడిద్దో మాకైతే తెలీదు.

ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. మసూలా పడవలు, సముద్రపు తెప్పలు నడిపింది ఎక్కువగా పల్లెకారులు, పట్టపువాళ్ళు, జాలరులు, వాడబలిజలు. ఆ ఘనత వాళ్ళది. దాన్ని లాక్కుని మన ఖాతాలో వేసుకుంటే చరిత్ర కాదు, గొప్పలు. యానాదుల నీళ్ళు వేరే. మొగ లోపలి నీళ్ళు, పాయలు, మడ అడవి కాలవలు, పులికాట్ లాంటి సరస్సులు. పోటు ఎక్కినప్పుడు చేప ఎటు పోతుంది, ఆటుకు నీళ్ళు తీసినప్పుడు పీత ఏ బొరియలో ఉంటుంది, బురదలో కాలు ఎక్కడ దిగబడదు, ఇదంతా చేత్తో, కాలితో, కంటితో నేర్చిన చదువు. నాగాయలంక, కోడూరు వైపు మడల్లో ఈ రోజుకీ వలా గాలమూ లేకుండా ఉత్త చేతులతో పీత పట్టేవాళ్ళు ఉన్నారు. ‘యానాది’ అన్న పేరుకు ‘అనాది’ నుంచి వచ్చిందని ఒక వ్యుత్పత్తి చెబుతారు. యానం అంటే ఓడ, పడవ కాబట్టి, పడవతో బతికేవాళ్ళు అని ఇంకొకటి చెబుతారు. ఏది సరైనదో భాషావాళ్ళు తేల్చాలి. మాకు మాత్రం రెండోది చెవికి ఇంపుగా ఉంటుంది.

ఈ లోపలి నీళ్ళకు పనికొచ్చింది తాటిదోనె. తాటి మొద్దుకు పైన చేవ గట్టిగా ఉంటుంది, లోపల గుజ్జు మెత్తన. గుజ్జు తోలిచేస్తే దోనె. మామూలుగా మొదలు వైపు లావు భాగం ముందుకు పెట్టి, సన్న చివరను మట్టితో మూసేవాళ్ళు. గెడ వేసుకుంటూ మోకాటిలోతు నీళ్ళలో కూడా పోవచ్చు. ఒక్కటే అయితే పొర్లుతుంది, అందుకని రెండు దోనెలు జత చేసి కట్టేవాళ్ళు. కొల్లేరులో, డెల్టా కాలవల్లో ఇవి ఎన్ని తిరిగాయో లెక్కే లేదు. అలా జతకట్టిన దాన్ని తెలుగులో ‘సంగడి’ అన్నారు. దాదాపు 2000 ఏళ్ళ నాడు ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ అనే పుస్తకంలో మన తూర్పు తీరంలో మొద్దులు జతకట్టి చేసిన ‘సంగర’ అనే పడవలు ఉన్నాయని ఉంది. అదే పుస్తకంలో ‘మసాలియా’ అని మన ప్రాంతం పేరు, ఇక్కడి సన్నబట్టల ప్రస్తావన కూడా ఉంది. సంగర, సంగడి ఒకటేనని పండితులు కలిపి చూస్తారు. తెలుగులో సంగడి అంటే చెంత, స్నేహం కూడా. సంగడికాడు అంటే నేస్తం. జత దోనెకూ జత మనిషికీ ఒకే మాట ఉండడం ఎంత బాగుంది!

దివిసీమకు ఆనుకునే ఘంటసాల ఉంది. అక్కడ దొరికిన పాత బౌద్ధ శాసనంలో ‘మహానావిక’ శివకుడి పేరు ఉంది. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. పెద్ద ఓడల నాయకులకు రాయి మీద పేరు దక్కింది. పాయల్లో వాళ్ళ సరుకు చేరేసిన దోనెలవాళ్ళకు దక్కలేదు. తాటిమొద్దు నాలుగైదేళ్ళలో కుళ్ళిపోతుంది, మ్యూజియంలో మిగలదు. చరిత్ర మిగిలే వస్తువు ఉన్నవాళ్ళకే చరిత్ర మిగిలిందని మా అనుమానం.

మళ్ళీ చలిదేశానికి వెళ్దాం. 1741లో బేరింగ్ ఓడలు అలాస్కా దాకా పోయాక రష్యా బొచ్చు వ్యాపారులు అలూట్ దీవుల మీద పడ్డారు. వాళ్ళకు కావలసింది సముద్రపు నీటికుక్కల తోలు. దాన్ని వేటాడే నేర్పు అలూట్ల కయాక్‌కే ఉంది. దాంతో ఊళ్ళలో ఆడవాళ్ళను, పిల్లలను బందీలుగా పట్టుకుని మగవాళ్ళను వేటకు తోలారు. ఒక మనిషి, ఇద్దరు మనుషులు కూచునే కయాక్‌కు రష్యావాళ్ళ కాలంలో మూడో రంధ్రం వచ్చింది. ముందూ వెనకా అలూట్లు తెడ్డు వేస్తుంటే మధ్యలో దొర కూచునేందుకు. రోగాలకు, చాకిరీకి అలూట్లు చాలామంది చచ్చిపోయారు. ఆ మూడు రంధ్రాల కయాక్ ఇప్పటికీ మ్యూజియాల్లో ఉంది, అందంగానే ఉంటుంది.

గ్రీన్‌లాండ్‌లో ఇంకో రకం. కొందరు వేటగాళ్ళకు అద్దంలా నిశ్చలంగా ఉన్న నీళ్ళలో, ఎండ కళ్ళలో కొడుతుంటే, ఒంటరిగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి తల తిరిగి, భయం పట్టుకుని కదల్లేకపోయేవాళ్ళు. ఆ తర్వాత చాలామంది వేటే మానేశారు. 19వ శతాబ్దం డేనిష్ డాక్టర్లు దీనికి కాఫీ, పొగాకు ఎక్కువ తాగడమే కారణమని రాశారు. అంటే తప్పు వాళ్ళ అలవాట్లదే! మన దగ్గర కూడా పాత గెజిటీర్లు, కులాల పుస్తకాలు తిరగేస్తే ఇదే ధోరణి కనిపిస్తుంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చేసిన ఏడు సంపుటాల్లో యానాదుల మీద చాలా పేజీలు ఉన్నాయి. ముక్కు కొలతలతో సహా. నేరజాతుల చట్టం మన ఎరుకల, యానాది కుటుంబాల మెడకు ఎలా చుట్టుకుందో ఈ గ్రూపులో ఇదివరకే మాట్లాడుకున్నాం. ఆ చట్టం పోవడానికి జీవితాంతం తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో యానాదుల మీద పుస్తకం రాశారు. నీళ్ళ నేర్పు ఉన్నవాడిని ‘తిరుగుబోతు’ అని రాసిపెట్టిన కాలం అది. శ్రీహరికోట అడవిలో తరాలుగా ఉన్న యానాదులు రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు చెల్లాచెదురైపోయారు.

కయాక్ ఆటగా ఎలా మారిందో క్లుప్తంగా చెప్పేస్తాం. జాన్ మెక్‌గ్రెగర్ అనే బ్రిటిష్ లాయరు 1865లో కయాక్ పోలికతో ‘రాబ్ రాయ్’ అనే చెక్క పడవ చేయించుకుని ఐరోపా నదుల్లో తిరిగి పుస్తకం రాశాడు. మరుసటేడే లండన్‌లో క్లబ్ పుట్టింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి అది పతకాల ఆట. 1930–31లో గ్రీన్‌లాండ్ వెళ్ళిన ఇంగ్లీషు యువకుడు జీనో వాట్కిన్స్ అక్కడి వేటగాళ్ళ దగ్గరే తిరగబడి లేవడం నేర్చుకున్నాడు. 1932లో అక్కడే ఒంటరిగా వేటకు పోయి తిరిగి రాలేదు. ఖాళీ కయాక్ దొరికింది. గురువుల్లో కూడా ఎంతోమంది అలాగే పోయారు. వాళ్ళ పేర్లు మాత్రం పుస్తకాలకు ఎక్కలేదు.

తర్వాత 1960ల నుంచి బ్రిటన్‌లో ఫైబర్ కయాక్‌లు సముద్రం కెరటాల మీదికి ఎక్కాయి. అదే కయాక్ సర్ఫింగ్. కార్న్‌వాల్, స్కాట్లండ్ ఉత్తర కొసన థర్సో, ఉత్తర ఐర్లండ్‌లో పోర్ట్‌రష్, అన్నీ వణికించే నీళ్ళే. అక్కడ మంచి కెరటాలు వచ్చేది చలికాలంలోనే. దానికి తోడు వచ్చింది వెట్‌సూట్. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే శాస్త్రవేత్త రబ్బరు లాంటి నియోప్రీన్‌తో చేశాడు. అది నీటిని పూర్తిగా ఆపదు. ఒంటికీ సూటుకూ మధ్య చేరిన పల్చని నీటిపొర ఒంటి వేడికి వెచ్చబడి నిలుస్తుంది. సూటులోని గాలి బుడగలు ఆ వేడిని పోనివ్వవు. కయాక్ మీద కూచునేవాడు నడుము చుట్టూ బిగించే గుడ్డ మాత్రం అచ్చంగా తుయిలిక్ మనవరాలే.

ఈ మధ్యలో గ్రీన్‌లాండ్‌లోనే కయాక్ కట్టేవాళ్ళు తగ్గిపోయారు. మోటారు బోట్లు వచ్చాయి, తాతలు పోయారు. అప్పుడు, 1980ల నడిమిలో, అక్కడి కుర్రాళ్ళు సంఘం పెట్టుకున్నారు. పేరు ‘ఖాన్నాత్ కట్టుఫియాత్’, అంటే కయాక్ సంఘం. మిగిలిన ముసలివాళ్ళ దగ్గర కూచుని కట్టడం నేర్చుకున్నారు, తిరగబడి లేచే పద్ధతులకు పేర్లు రాసుకున్నారు, ఏటా పోటీలు పెడుతున్నారు. అమెరికా, ఐరోపా, జపాన్ నుంచి మనుషులు వచ్చి వాళ్ళ దగ్గర నేర్చుకుంటున్నారు. పోటీకి పాయింట్లు వేసేది వాళ్ళే, రూల్స్ వాళ్ళవే. ఈ పోస్టు మొత్తంలో మాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది.

మన వైపు ఏం జరిగింది? 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడి 30,000 మంది దాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ. సర్కారు లెక్కే 10,000 చుట్టూ. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. తాటిచెట్టు ఎక్కినవాళ్ళు, కొట్టుకొచ్చిన దూలం పట్టుకున్నవాళ్ళు బతికారు. ఆ తర్వాత ఏళ్ళలో దుంగల తెప్పల చోట ఫైబర్ తెప్పలు, మరబోట్లు వచ్చాయి. మంచిదే, ప్రాణాలకు భద్రం. కానీ దుంగ ఎంచుకునే చదువు, కుట్టే చదువు ఒక తరంలో ఆగిపోయింది. మన వాళ్ళకు ఫైబర్ తెప్ప కొనే స్తోమత కూడా లేక చేపల చెరువుల మీద కాపలా పనికి పోయారు. చెరువు గట్టు మీద గుడిసె, నెలజీతం, బాకీ. నీళ్ళ పక్కనే ఉంటారు, ఆ నీళ్ళు వాళ్ళవి కావు. మన డెల్టా షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి కొండల్లో ఉన్న 1/70 రక్షణ ఇక్కడ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మడ అడవికి కూడా వర్తిస్తుంది, కానీ ఆ సంగతి అడిగేవాళ్ళే తక్కువ.

గిలకలదిండి హార్బరు నుంచి సముద్రంలోకి పోయే మొగ ఇసుక మేటలతో పూడుకుపోతూ ఉంటుంది. పోటు కోసం బోట్లు ఆగాలి. ఆ పోటు ఎప్పుడొస్తుందో ఫోను చూడకుండా చెప్పే ఆడవాళ్ళు, మగవాళ్ళు మన పేటల్లో ఉన్నారు. అవతల తపసిపూడి దగ్గర 2023లో శంకుస్థాపన చేసిన కొత్త పోర్టు పనులు నడుస్తున్నాయి. టూరిజం వస్తుంది, బీచ్ ఫెస్టివల్ వస్తుంది, కయాక్‌లు వస్తాయి. మంగినపూడి తీరం మెరక, అడుగున నల్లమట్టి, కెరటం చిన్నది. కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి బాగుంటుంది. అక్కడ లైఫ్‌గార్డు ఎవరు, కోచ్ ఎవరు, కయాక్ కడిగి ఒడ్డుకు లాగే కూలీ ఎవరు? ఇప్పుడే తేలిపోతుంది, పదేళ్ళ తర్వాత కాదు. కయాకింగ్ ఒలింపిక్ ఆట కాబట్టి రాష్ట్ర స్థాయిలో ఆడినా సర్టిఫికెట్‌కు విలువ ఉంటుంది, స్పోర్ట్స్ కోటాలో సీటుకు పనికొస్తుంది. దోనె మీద పుట్టి పెరిగిన పిల్లకు ఆ నేర్పుకు సర్టిఫికెట్ లేదు. తెడ్డు మాత్రం ఒకటే.

చెన్నై దగ్గర కోవళంలో మూర్తి మేగవన్ అనే జాలరి అడిగి తీసుకున్న బోర్డు మీద సర్ఫింగ్ నేర్చుకుని ఊరి పిల్లలకు నేర్పాడు. 2013 నుంచి అక్కడ సర్ఫింగ్ పండగే జరుగుతోంది. ఆ జాలరి కుర్రాళ్ళలో దేశం తరఫున ఆడినవాళ్ళూ ఉన్నారు. ఎవరో వచ్చి ఇస్తారని వాళ్ళు కూచోలేదు. వాళ్ళకు కెరటం ముందే తెలుసు, బోర్డే కొత్తది.

మనం రెండు పనులు మొదలుపెడదాం అనుకుంటున్నాం. ఇంటర్, డిగ్రీ చదివే మన పిల్లల్లో ఈత బాగా వచ్చినవాళ్ళ పేర్లు, అమ్మాయిలవి ముందు, తీసుకుని జిల్లా స్పోర్ట్స్ ఆఫీసులో అర్జీ పెట్టడం ఒకటి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ నీళ్ళ మీదికి పోకూడదు, ఎంత గజ ఈతగాడైనా సరే. రెండోది, సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు తాతను, నాయనమ్మను, అమ్మమ్మను కూచోబెట్టి అడగడం. దోనెకు ఎన్నేళ్ళ తాటిచెట్టు కొట్టేవాళ్ళు? ముందు ఏ పక్క నుంచి తోలిచేవాళ్ళు? రెండు దోనెలు కట్టే తాడు దేనిది? గెడ ఏ కర్ర? పోటు ఎక్కబోతోందని పీత బొరియ చూసి ఎలా తెలుస్తుంది? పాయలో ఎదురు గాలి వస్తే ఏ మాట అనేవాళ్ళు? వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టే రాసుకోండి, పుస్తక భాషలోకి మార్చొద్దు. సంక్రాంతికి అందరం బందరులో కలిసినప్పుడు ఆ కాగితాలు తీసుకురండి.